రెండు మందులు కలిపితే రెట్టింపు బలమా?

హాలియా బజారులో పురుగుమందుల దుకాణాలకు కొదవ లేదు. పత్తి పూతకు వచ్చే రోజుల్లో ఆ దుకాణాల ముందు కాసేపు నిలబడితే ఒకే రకం మాటలు వినిపిస్తాయి.

"పురుగు చస్తలేదు సేటూ, జర గట్టి మందియ్యి."

"ఈ రెండు కలిపి కొట్టు పెద్దయ్యా. రేపటికి ఒక్కటి గూడ బతకది."

ఒకసారి నేను ఈ మాటలు వింటూ నిలబడ్డాను. ఆ రైతు వెంట వచ్చిన కొడుకు తొమ్మిదో తరగతి విద్యార్థి. నన్ను చూసి దగ్గరకు వచ్చి, "సార్, రెండు కలిపితే బలం రెట్టింపయితదా?" అని అడిగాడు. చాలా మంచి ప్రశ్న. దుకాణదారు వేసుకోవలసిన ప్రశ్న, రైతు వేసుకోవలసిన ప్రశ్న, వారిద్దరి కంటే ముందు ఒక విద్యార్థికి తట్టింది. దానికి ఒక్క ముక్కలో జవాబు లేదు. ఒక్కోసారి బలం పెరుగుతుంది. ఒక్కోసారి తగ్గుతుంది. ఎప్పుడు ఏమవుతుందో తెలియకుండా కలపడం మాత్రం తప్పు. ఈ సంగతి వివరంగా చూద్దాం.

పురుగు ఎందుకు చావడం లేదు?

మన ప్రాంతానికి 1967లో నాగార్జునసాగర్ కాలువ నీళ్ళు వచ్చాయి. వరి పెరిగింది. నీరందని చెలకల్లో ఆముదం, పత్తి, మిర్చి, అక్కడక్కడ బత్తాయి తోటలు ఉన్నాయి. పంట మారినప్పుడల్లా పురుగులూ మారాయి. వాటిలో ముఖ్యమైనవి ఆకులు, కాయలు తినే గొంగళి పురుగులు. పత్తి కాయను, కంది కాయను తొలిచే శనగపచ్చ పురుగు ఒకటి. ఆకులను జల్లెడలా చేసే పొగాకు లద్దె పురుగు మరొకటి. ఆముదం ఆకును ఈనెల దాకా కొరికి తినే దాసరి పురుగు ఇంకొకటి. దీన్నే నామాల పురుగు అని కూడా అంటారు.

1980 ప్రాంతంలో పైరిత్రాయిడ్లు అనే కొత్త క్రిమి సంహారక మందులు మన దేశంలోకి వచ్చాయి. చేమంతి జాతి పువ్వు ఒకదానిలో ఉండే విషాన్ని చూసి, అటువంటిదే కర్మాగారంలో తయారు చేశారు. కొట్టిన గంటల్లో పురుగులు రాలిపోయేవి. రైతులు సంతోషించారు. అదే మందును మళ్ళీ మళ్ళీ కొట్టారు. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలల్లో ఎంత కొట్టినా శనగపచ్చ పురుగు చావలేదు. తెల్లదోమ కూడా విరుచుకు పడింది. అప్పులపాలైన రైతులు కొందరు ప్రాణాలు తీసుకున్నారు. పదేళ్ళ తర్వాత, 1997-98లో, వరంగల్లు జిల్లాలో అదే విషాదం మళ్ళీ జరిగింది. అప్పుడు లద్దె పురుగు కూడా తోడయింది.

పురుగు మందుకు "అలవాటు పడింది" అని మనం అంటాం. నిజానికి జరిగేది వేరు. లక్ష పురుగుల్లో ఆ విషాన్ని తట్టుకోగలిగినవి పుట్టుకతోనే కొన్ని ఉంటాయి. మందు కొట్టినప్పుడు మిగిలినవన్నీ చస్తాయి, ఇవి మాత్రం బతుకుతాయి. వీటి సంతానం కూడా తట్టుకుంటుంది. అంటే మందు కొట్టిన ప్రతిసారీ మనమే గట్టి పురుగులను ఏరి విత్తనానికి ఉంచుతున్నామన్న మాట. ఈ సంగతి కొత్తది కాదు. మెలాండర్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు పండ్లతోటల పొలుసు పురుగుల విషయంలో దీన్ని 1914లోనే రాశాడు.

పురుగులకూ జబ్బులున్నాయి

మనకు జ్వరాలు వచ్చినట్టే పురుగులకూ జబ్బులు వస్తాయి. సూక్ష్మజీవి వల్ల ఒక జంతువుకు జబ్బు వస్తుందని మొట్టమొదట రుజువైంది కూడా పురుగులోనే. ఇటలీలో పట్టుపురుగులు తెల్లటి బూజు పట్టి చనిపోయేవి. ఆ బూజే కారణమని అగస్టీనో బస్సీ 1835లో చూపించాడు. ఆయన పేరు మీదనే ఆ శిలీంధ్రాన్ని బ్యువేరియా బాసియానా అంటున్నాం. 1901లో జపాన్ శాస్త్రజ్ఞుడు ఇషివాటా పట్టుపురుగులను చంపే ఒక బాక్టీరియాను గుర్తించాడు. అటువంటిదే 1911లో జర్మనీలోని తురింగియాలో పిండి పురుగులో బెర్లినర్‌కు దొరికింది. అందుకే దానికి బాసిల్లస్ తురింజియెన్సిస్ అని పేరు వచ్చింది. పొడిగా బి.టి. అంటాం. 1938లో ఫ్రాన్సులో దానితో తయారైన మందు అమ్మకానికి వచ్చింది.

బి.టి. ఎలా పనిచేస్తుందో చూడండి. ఈ బాక్టీరియా తన లోపల ఒక ప్రోటీను స్ఫటికాన్ని తయారు చేస్తుంది. పురుగు ఆకుతో పాటు దాన్ని తింటుంది. మన జీర్ణాశయంలో ఆమ్లం ఉంటుంది. గొంగళి పురుగు పేగులో క్షారం ఉంటుంది. ఆ క్షారంలో స్ఫటికం కరిగి విషంగా మారి పేగు గోడకు రంధ్రాలు చేస్తుంది. కొన్ని గంటల్లోనే పురుగు తినడం మానేస్తుంది. రెండు నుంచి నాలుగు రోజుల్లో చస్తుంది. మనుషులకు, పశువులకు, పక్షులకు ఆ బాధ లేదు. అయితే పట్టుపురుగు కూడా గొంగళి పురుగే కాబట్టి మల్బరీ తోటల పక్కన దీన్ని చల్లకూడదు.

రెండోది ఎన్.పి.వి. అనే వైరస్. ఇది కూడా తిండితోనే లోపలికి పోయి, కణాల కేంద్రకాల్లో కోట్ల సంఖ్యలో పెరుగుతుంది. జబ్బు పడిన పురుగు మొక్క చివరికి ఎక్కి, తలకిందులుగా వేలాడి చస్తుంది. శరీరం పగిలి కారే ద్రవం కింది ఆకుల మీద పడుతుంది. ఆ ఆకులు తిన్న పురుగులకు అదే జబ్బు అంటుకుంటుంది. శనగపచ్చ పురుగు వైరస్ వేరు, లద్దె పురుగు వైరస్ వేరు. ఒకటి రెండోదాన్ని ముట్టదు. లద్దె పురుగు వైరస్‌ను పొగాకు నారుమళ్ళలో వాడటంపై రాజమండ్రిలోని కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థ కృషి చేసింది.

మూడోది బూజు, అంటే శిలీంధ్రం. దీన్ని తినవలసిన పని లేదు. దీని బీజాలు చర్మం మీద పడి మొలకెత్తి లోపలికి చొచ్చుకుపోతాయి. కానీ గాలిలో తేమ ఉండాలి.

ఇంత మంచివైతే అందరూ వీటినే ఎందుకు వాడటం లేదు? వీటికి మూడు లోపాలు ఉన్నాయి. ఒకటి, నెమ్మదిగా పనిచేస్తాయి. మర్నాడు చేనికి పోయిన రైతుకు పురుగు బతికే కనపడుతుంది. "మందు పని చేయలేదు" అని మళ్ళీ ఇంకేదో కొడతాడు. ఆ పురుగు అప్పటికే తినడం మానేసిందని అతనికి ఎవరూ చెప్పరు. రెండు, ఎండలోని అతినీలలోహిత కిరణాలు వీటిని చంపుతాయి. అందుకే సాయంత్రం చల్లాలి. వైరస్ ద్రావణంలో బెల్లం, బట్టలకు పెట్టే నీలిమందు కలిపేది ఇందుకే. నీలిమందు ఎండ నుంచి కాపాడుతుంది. బెల్లం ఆకుకు అంటుకునేటట్టు చేసి, పురుగు చేత తినిపిస్తుంది. మూడు, ఇవి చిన్న పురుగుల మీద బాగా పని చేస్తాయి. వేలి పొడవు పెరిగిన పురుగు వీటికి తొందరగా లొంగదు.

కలపాలనే ఆలోచన ఎలా వచ్చింది?

క్రిమి సంహారక మందు వేగంగా చంపుతుంది, కానీ మంచి పురుగులనూ చంపుతుంది, గట్టి పురుగులను మిగులుస్తుంది. సూక్ష్మజీవి నెమ్మది, కానీ తన శత్రువును తప్ప దాదాపు ఎవరినీ ముట్టదు. ఒకదాని లోపం రెండోది తీరుస్తుంది కదా అని శాస్త్రజ్ఞులు ఆలోచించారు. పూర్తి మోతాదులో చంపే మందును బాగా తగ్గించి వాడితే పురుగు చావకపోయినా నీరసిస్తుంది. నీరసించిన పురుగును జబ్బు తేలిగ్గా పట్టుకుంటుంది. సోవియట్ యూనియన్‌లో బంగాళాదుంప ఆకులు తినే కొలరాడో పెంకు పురుగు మీద బ్యువేరియా బూజును, తగ్గించిన మోతాదులో క్రిమి సంహారక మందుతో కలిపి వాడారు. మన దేశంలో ఎన్.పి.వి.ని సగం మోతాదు ఎండోసల్ఫాన్‌తో కలిపి ఎన్నో పరీక్షలు చేశారు. 2011లో సుప్రీం కోర్టు ఎండోసల్ఫాన్‌ను దేశమంతటా ఆపివేసింది. కాబట్టి ఆ వంటకం ఇప్పుడు చెల్లదు. దాని వెనక ఉన్న సూత్రం మాత్రం చెల్లుతుంది.

ఇక మన విద్యార్థి ప్రశ్నకు వద్దాం. ఒక చిన్న లెక్క వేద్దాం. అంకెలు నేను లెక్క కోసం తీసుకున్నవి. వంద పురుగులున్నాయి. బి.టి. ఒక్కటే వాడితే 40 చస్తాయి. తగ్గించిన మోతాదులో క్రిమి సంహారక మందు ఒక్కటే వాడితే 30 చస్తాయి. రెండూ కలిపితే ఎన్ని చావాలి? చాలామంది 70 అంటారు. తప్పు. బి.టి. వల్ల 40 పోతే మిగిలినవి 60. ఆ 60లో నూటికి 30 వంతున చస్తే 18. మొత్తం 58. రెండు మందులూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా, ఎవరి పని వారు చేసుకుంటే 58 చావాలి. పరీక్షలో 75 చస్తే అవి ఒకదానికొకటి సాయపడ్డాయని అర్థం. 45 మాత్రమే చస్తే అవి ఒకదానికొకటి అడ్డు తగిలాయని అర్థం. ఏ మందూ కొట్టని పురుగుల్లో కూడా కొన్ని వాటంతటవే చస్తాయి. వాటిని లెక్కలోంచి తీసివేసే సూత్రాన్ని ఆబట్ అనే శాస్త్రజ్ఞుడు 1925లో చెప్పాడు. మందు కొట్టని గుంపు లేకుండా చేసిన పరీక్ష పరీక్షే కాదు.

అడ్డు ఎందుకు తగులుతాయి? కారణాలు వింటే ఇంతేనా అనిపిస్తుంది. బి.టి. తిన్న పురుగు నోరు కట్టేస్తుంది. నోరు కట్టేసిన పురుగు వైరస్‌ను తినదు. ఆకు మీద ఉన్న విషాన్నీ తినదు. కొన్ని క్రిమి సంహారక మందుల వాసన, రుచి పురుగుకు నచ్చవు. అది ఆకును కొరకడం తగ్గిస్తే బి.టి. సరిపడినంత లోపలికి పోదు. ట్యాంకులో కలిపిన నీరు బాగా క్షారంగా ఉంటే, పురుగు పేగులో కరగవలసిన స్ఫటికం ట్యాంకులోనే కరిగి చెడిపోతుంది. వైరస్‌కూ అదే గతి. ఇక బ్యువేరియా ఒక బూజు. తెగుళ్ళకు కొట్టే మాంకోజెబ్, కార్బెండజిమ్ వంటివి బూజును చంపే మందులు. రెండూ ఒకే పంపులో పోస్తే రైతు ఒక చేత్తో కొన్నదాన్ని రెండో చేత్తో చంపుకున్నట్టు అవుతుంది.

నా అభిప్రాయం

ఈ విషయంలో రెండు వర్గాలున్నాయి. రసాయనాలు అసలే వద్దు, అన్నీ జీవ సంబంధమైనవే వాడాలని ఒక వర్గం. ఖమ్మం ప్రాంతంలోని పునుకుల గ్రామ రైతులు 2000 తర్వాతి తొలి ఏళ్ళలో రసాయన పురుగు మందులు పూర్తిగా మానివేసి పంటలు తీశారు. కాబట్టి వీరి మాటను కొట్టి పారవేయలేం. కానీ ఊరంతా కలిసి నడిస్తేనే అది సాధ్యమైంది. చుట్టూ అందరూ మందు కొడుతున్నప్పుడు నాలుగెకరాల కౌలు రైతు ఒక్కడే అలా చేయడం కష్టం. పురుగు పెద్దదై కాయల్లోకి చేరిన తర్వాత బి.టి. కొట్టి నాలుగు రోజులు ఆగమంటే అతడు ఆగలేడు, అతని పంటా ఆగదు.

"గట్టి మందే మందు, మిగతావి నీళ్ళు" అనేది రెండో వర్గం. వీరికి 1987, 1997 సంవత్సరాలే జవాబు. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లా పత్తి చేలల్లో మందు కొడుతూ ఆ తుంపరలు పీల్చి దాదాపు ఇరవై మంది రైతులు, కూలీలు చనిపోయారు. వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. రకరకాల మందులు ఒకే ట్యాంకులో కలపడం దానికి ఒక కారణమని చెప్పారు. కాబట్టి కలపడం అనేది పురుగు చావుబతుకుల సంగతి మాత్రమే కాదు. పంపు వీపున మోసే మనిషి సంగతి కూడా.

రెండింటినీ వాడుకోవచ్చునని నా అభిప్రాయం. కాకపోతే చాలా సందర్భాల్లో ఒకే ట్యాంకులో కాదు, ఒకే పంటకాలంలో, ఒకదాని తర్వాత ఒకటి. పురుగు చిన్నగా ఉన్నప్పుడు సూక్ష్మజీవి. దాన్ని తప్పించుకొని నష్టం హద్దు దాటితేనే రసాయనం. అది కూడా ఒకే జాతి మందును వరసగా కొట్టకుండా. ఒకే ట్యాంకులో కలపాలంటే, ఆ రెండూ కలుస్తాయని డబ్బా మీది చీటీలో ఉండాలి. లేదా మన పక్కనే ఉన్న కంపాసాగర్ పరిశోధనా స్థానం వంటి చోట శాస్త్రజ్ఞులు చెప్పాలి. దుకాణదారు మాట రుజువు కాదు.

దీనికి ఒక గట్టి ఆక్షేపణ ఉంది. "మోతాదు తగ్గిస్తే కొద్దిగా తట్టుకునే పురుగులు కూడా బతికిపోవా? అలా గట్టి పురుగులు ఇంకా త్వరగా పెరగవా?" అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. తగ్గించిన మోతాదును ఒక్కదాన్నే వాడితే ఆ ప్రమాదం ఉంది. మిగిలిన పురుగును రెండో ఆయుధం పట్టుకుంటుందని పరీక్షలో తేలిన చోటే మోతాదు తగ్గించాలి. ఆ జంటను కూడా ఏటా అదే పనిగా వాడకూడదు. సూక్ష్మజీవులకు పురుగు లొంగిపోతూనే ఉంటుందని కూడా అనుకోవద్దు. హవాయి దీవుల్లో క్యాబేజీ రెక్కల పురుగు మీద బి.టి.ని పదే పదే చల్లితే, అది బి.టి.ని కూడా తట్టుకోగలిగిందని 1990లో బయటపడింది. మన దేశంలో 2002లో బి.టి. పత్తి వచ్చింది. కొన్నేళ్ళు శనగపచ్చ పురుగు బాధ తగ్గింది. ఆ పైన గులాబి రంగు పురుగు బి.టి. పత్తి కాయలనే తొలవడం మొదలుపెట్టింది. ఒకే ఆయుధాన్ని నమ్ముకున్న చోటల్లా పురుగే గెలిచింది. అది రసాయనమా, జీవమా అన్నది పురుగుకు పట్టదు.

ఆముదం చేను చెప్పే పాఠం

మన నల్లగొండ జిల్లా ఎర్ర చెలకల్లో ఆముదం పాత పంట. దాని ఆకులు తినే దాసరి పురుగు మధ్య భాగాన్ని విల్లులా పైకెత్తి నడుస్తుంది. మీరు చూసే ఉంటారు. ఈ పురుగు మీద గుడ్లు పెట్టే ఒక చిన్న కందిరీగ ఉంది. దాని పిల్ల పురుగు లోపలే పెరిగి, బయటికి వచ్చి, పురుగు వెనక భాగాన చిన్న పట్టు గూడు కట్టుకుంటుంది. అటువంటి గూడు అంటుకున్న దాసరి పురుగు ఇక ఆకు తినదు. మందు ఖర్చు లేకుండా జరిగే పని ఇది. రసాయనం కొడితే కందిరీగ కూడా చస్తుంది. బి.టి. చల్లితే కందిరీగకు ఏమీ కాదు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని నూనెగింజల పరిశోధనా సంస్థ ఈ పురుగు కోసమే మన నేలకు చెందిన బి.టి. రకాన్ని ఎంపిక చేసి, గోధుమ పొట్టు మీద తక్కువ ఖర్చుతో పెంచే పద్ధతిని కూడా రూపొందించింది. కందిరీగ, బి.టి. కూడా ఒక జంటే. ఇది కూడా కలపడమే. కలపడమంటే రెండు సీసాలు ఒక ట్యాంకులో పోయడం అని మాత్రమే అనుకోవడం వల్లే మనం దీన్ని చూడలేకపోతున్నాం.

మీరు ఏమి చేయగలరు?

విద్యార్థులారా! పురుగు మందుల సీసాలు మీరు ముట్టవద్దు. ఖాళీ సీసాలు కూడా ఇంట్లోకి తేవద్దు. కానీ సీసా మీద ఉండే చతురస్రాన్ని దూరం నుంచే చూసి చదవడం నేర్చుకోండి. అందులో ఎరుపు రంగు ఉంటే అది అత్యంత విషపూరితం. తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ వరసగా విషం తగ్గుతుంది. ఇంట్లో చదువుకున్న వారు మీరే అయితే, ఆ రంగు అర్థమేమిటో నాన్నకు చెప్పవలసింది మీరే.

రెండో పని లెక్క పెట్టడం. పత్తి, మిర్చి చేల గట్ల మీద అక్కడక్కడ ఆముదం మొక్కలు వేస్తే, లద్దె పురుగు తల్లి రెక్కల పురుగు వచ్చి ముందు వాటి మీదే గుడ్లు పెడుతుంది. ఆ గుడ్ల గుంపు మీద గోధుమ రంగు నూగు కప్పి ఉంటుంది. గుడ్లు పొదిగాక చిన్న పురుగులన్నీ ఒకే ఆకు మీద గుంపుగా ఉండి పచ్చదనాన్ని గీకి తింటాయి. ఆకు జల్లెడలా కనపడుతుంది. ఆ ఒక్క ఆకు తుంచి వేస్తే వందల పురుగులు పోయినట్టే. సూక్ష్మజీవి మందు చల్లడానికి సరైన సమయం కూడా అదే. వారం వారం చేలో ఒక మూల నుంచి ఇంకో మూలకు నడిచి, ఇరవై మొక్కలు చూసి, గుడ్లు ఎన్ని, చిన్న పురుగులు ఎన్ని, పెద్ద పురుగులు ఎన్ని, తలకిందులుగా వేలాడే చచ్చిన పురుగులు ఎన్ని అని నోటు పుస్తకంలో రాయండి. సాలీళ్ళను, అక్షింతల పురుగులను కూడా లెక్కించండి. అవి మన పక్షం. నాలుగు వారాలు రాస్తే ఆ పుస్తకం దుకాణదారు మాట కంటే ఎక్కువ సంగతులు చెబుతుంది.

ఆ రోజు దుకాణం ముందు ఆ అబ్బాయికి నేను ఇంత వివరంగా చెప్పలేకపోయాను. "ముందు ఇంటికి పోయి, చేలో ఎన్ని పురుగులున్నయో లెక్క పెట్టి రా. తర్వాత మాట్లాడదాం" అన్నాను. అతని తండ్రి నవ్వి, "పురుగుల్ని లెక్క పెడ్తరా సార్ ఎవరన్నా?" అన్నాడు. లెక్క పెట్టాలి. బడికి వచ్చిన పిల్లలను లెక్క పెడతాం, బస్తాలు లెక్క పెడతాం, అప్పు లెక్క పెడతాం. వాటన్నిటినీ తలకిందులు చేయగల పురుగును మాత్రం లెక్క పెట్టకుండానే వేల రూపాయల మందు కొంటున్నాం. రెండు మందులు కలపడం తర్వాతి సంగతి. అంతకు ముందు చూపును, లెక్కను కలపాలి. ఆ పని ఈ సంవత్సరం మీ చేలోనే మొదలు పెట్టండి.